వెయ్యి కిలోమీటర్లు... రెండు మజిలీలు!

‘‘నా మోకాళ్ళ కోసం రెండు రాత్రులు హోటళ్ళకి డబ్బు పొయ్యడమెందుకు? ఒక్కరోజు ఓర్చుకోలేనా?’’

ఫ్రాన్స్‌ ప్రయాణం ఖాయమైందని తెలియగానే అమ్మ అన్న మొదటి మాట అది.

మా అక్కా బావా లండన్‌ దగ్గర ఉంటారు. 2024 వేసవిలో అమ్మనీ నన్నూ రమ్మన్నారు. అక్కడికి వెళ్ళాక అందరం కలిసి కార్లో దక్షిణ ఫ్రాన్స్‌కి... మాంట్‌పెల్లియర్‌ దగ్గర సముద్రపొడ్డున వారం రోజులకి ఓ ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో కారుతో సహా రైలెక్కితే, సముద్రం అడుగున సొరంగంలోంచి 35 నిమిషాల్లో ఫ్రాన్స్‌లోని కలే దగ్గర తేలతాం. అంతవరకూ బాగానే ఉంది. అక్కణ్నుంచి మాంట్‌పెల్లియర్‌ వెయ్యి కిలోమీటర్ల పైమాటే!

2022లో అక్కావాళ్ళు ఇదే దారిని ఒక్కరోజులో దాటేశారు. తెల్లవారకముందే బయల్దేరి అర్ధరాత్రికి చేరారు. ‘‘ఏకబిగిన కొట్టేశాం’’ అని బావ అప్పట్లో ఫోన్లో గొప్పగా చెప్పాడు కూడా. అలాంటి మనిషి ఈసారి రెండు రాత్రులు ఆగుదామన్నాడంటే అమ్మ కోసమేనని అందరం అనుకున్నాం. అమ్మకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మొహమాటం ఆవిడది... ‘అల్లుడికి నా వల్ల ఖర్చు’ అని.

ఎడమ సీటు ఉద్యోగం

కారు ఇంగ్లండ్‌ది కాబట్టి స్టీరింగ్‌ మనకిలాగే కుడివైపు ఉంటుంది. ఫ్రాన్స్‌లో బండి నడపాల్సిందేమో రోడ్డుకి కుడిపక్కన. దాంతో టోల్‌గేటు దగ్గర టికెట్టిచ్చే యంత్రం డ్రైవరుకి కాకుండా పక్కసీటు వాళ్ళకి అందుతుంది. ఆ సీట్లో కూర్చున్నది నేను. ఎక్కినచోట టికెట్టు లాక్కోవడం, దిగినచోట కార్డు పెట్టి డబ్బు కట్టడం... ప్రయాణమంతా నాదదే ఉద్యోగం. అక్కకి డ్రైవింగ్‌ వచ్చుగానీ కుడిపక్క రోడ్డంటే భయం. కాబట్టి వెయ్యి కిలోమీటర్లూ బావ ఒక్కడే.

ఆ హైవేల మీద గరిష్ఠ వేగం గంటకి 130 కిలోమీటర్లు, వానొస్తే 110. దారిపొడుగునా ‘ఏర్‌’ అని పిలిచే విశ్రాంతి స్థలాలుంటాయి. కొన్నింట్లో పెట్రోలు బంకూ హోటలూ ఉంటాయి. మరికొన్నింట్లో చెట్లూ బల్లలూ మరుగుదొడ్లూ... అంతే. రెండు గంటలకోసారి ఆగాలన్నది అక్కడ డ్రైవర్లకి ఎప్పుడూ చెప్పే మాట. ఏ రోజు రోడ్లెంత కిటకిటలాడతాయో కూడా ముందే చెప్పేస్తారు. ‘బిజోఁ ఫ్యుతే’ అనే ప్రభుత్వ సేవ 1976 నుంచీ ఆ పని చేస్తోంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు... ఇలా రోజులకి రంగులు. సెలవులకి జనమంతా ఒక్కసారే దక్షిణాదికి కదిలే వేసవి శనివారాలు చాలావరకూ ఎరుపో నలుపో. బావ ఈసారి మంగళవారం బయల్దేరదీశాడు.

అమ్మ పులిహోర కలిపింది. పెరుగన్నం మాత్రం కుదర్లేదు. బ్రిటన్‌ యూరోపియన్‌ యూనియన్‌ నుంచి విడిపోయాక, 2021 నుంచీ అక్కణ్నుంచి పాలూ పెరుగూ మాంసమూ వెంట తీసుకెళ్ళనివ్వరు. ‘‘పెరుగు కూడా దొంగసరుకేనా?’’ అని అమ్మ ఆశ్చర్యపోయింది.

రాత్రి ఆగడానికి చోటుందన్న ధీమా ఉంటే పగటికి తొందరుండదు. కలే నుంచి గంట ప్రయాణం దాటాక హైవే దిగి న్యూవ్‌ షాపెల్‌ అనే ఊరికి వెళ్ళాం. 1915 మార్చిలో అక్కడ జరిగిన యుద్ధంలో భారత సైనికులు పోరాడారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ ప్రాంతంలో పోరాడి చనిపోయి, సమాధి కూడా లేకుండాపోయిన 4,700 మందికి పైగా మనవాళ్ళ పేర్లు అక్కడి గోడలమీద చెక్కి ఉన్నాయి. గుండ్రటి ప్రాకారం, మధ్యలో కమలం తలదాల్చిన స్తంభం, దానికి అటూ ఇటూ రెండు రాతి పులులు. 1927లో కట్టిన స్మారకమది. 2022లో అక్కావాళ్ళు ఈ దారినే వెళ్ళారు, ఇదొకటి ఉందని కూడా తెలియకుండా! అమ్మ గోడ పొడుగునా నడుస్తూ కూడబలుక్కుని పేర్లు చదివింది. పిల్లలు పులుల దగ్గర్నుంచి కదల్లేదు.

రాత్రికో కథ

మొదటి మజిలీ రెమ్స్‌. కలే నుంచి సుమారు 270 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌ రాజులకి పట్టాభిషేకాలు జరిగిన చర్చి ఉన్న ఊరు. దాని ద్వారం దగ్గర నవ్వుతున్న దేవదూత శిల్పం ఉంది. 1914లో బాంబుదాడికి తల తెగిపడితే మళ్ళీ అతికించారట. మా అక్క కొడుకు ఐదేళ్ళవాడు అంతా చూసి ‘‘తల పడిపోయినా నవ్వుతున్నాడా?’’ అన్నాడు.

ఊరి బయట హైవే పక్కనే చౌక హోటల్లో రెండు గదులు. ఆరింటికే అందరికీ ఆకలి. హోటళ్ళలో వంటగదులేమో ఏడు దాటితేగానీ తెరవరు! మధ్యాహ్నం రెండింటికి మూసేస్తే మళ్ళీ అప్పుడే. గదిలోనే నేలమీద తువ్వాలు పరుచుకుని పులిహోర తినేశాం. అక్క తెలివైన పనొకటి చేసింది. దారిలో రాత్రుళ్ళకి కావల్సిన బట్టలూ బ్రష్షులూ అమ్మ మందులూ ఒకే సంచిలో విడిగా సర్దింది. పెట్టెలన్నీ దింపి మళ్ళీ ఎక్కించే బాధ తప్పింది. పిల్లలతో ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

అలవాటులేని మంచాలమీద పిల్లలు నిద్రపోతేగా! అమ్మ కథ అందుకుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ అమ్మకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. కాశీకి తీసుకెళ్తూ మణిసిద్ధుడు పశువులు కాసే కుర్రాడికి మజిలీకో కథ చెబుతాడు కదా... మా అమ్మ అలా మణిసిద్ధుడి అవతారం ఎత్తేసింది. ‘‘రేపు ఇంకో మజిలీ, ఇంకో కథ’’ అనేసరికి, కారంటే ఏడ్చే చిన్నాడు పొద్దున్నే అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాడు.

రెండో మజిలీ బోన్‌. రెమ్స్‌ నుంచి సుమారు 330 కిలోమీటర్లు. ఎటు చూసినా ద్రాక్షతోటలే. అక్కడ హోటలు కాదు, ‘షాంబ్ర్‌ దోత్‌’. అంటే ఇంటివాళ్ళు తాము ఉంటున్న ఇంట్లోనే అతిథులకిచ్చే గదులు. ఐదు గదులకీ పదిహేనుమందికీ మించకూడదని నిబంధన. పొద్దుటి ఫలహారం గది అద్దెలోనే కలిసుంటుంది. ఇంటావిడకి ఇంగ్లిషు రాదు, అమ్మకి ఫ్రెంచి రాదు. ఇద్దరూ పెరట్లో టొమాటో మొక్కల దగ్గర నిలబడి పావుగంట మాట్లాడుకున్నారు!

బావ చెప్పిన మాట

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక వాకిట్లో కుర్చీలేసుకుని బావా నేనూ కూర్చున్నాం.

‘‘పాపం, అమ్మ కోసం చాలా శ్రమపడుతున్నావు బావా’’ అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు.

‘‘అత్తయ్య కోసం కాదు. 2022లో లియాన్‌ దాటాక, చీకటిపడ్డాక... మీ అక్కా పిల్లలూ వెనక నిద్రపోతున్నారు. ఉన్నట్టుండి టైర్ల కింద బర్ర్‌మని చప్పుడు. కళ్ళు తెరిచా. తెరిచా అంటే... మూసుకున్నట్టు నాకు తెలీదు. బండి రోడ్డంచు గీత మీద ఉంది. గీత మీద గరుకు గాట్లు పెడతారు కదా, వాటి చప్పుడది. పక్కకి తీసి మొహం కడుక్కుని, చేతులు వణకడం తగ్గేదాకా కూర్చున్నా. ఎవరికీ చెప్పలేదు.’’

గంటకి 130 కిలోమీటర్లంటే సెకనుకి 36 మీటర్లు. మూడు సెకన్లు రెప్ప వాలితే వంద మీటర్లకు పైగా బండి దానంతటదే పోయినట్టు.

‘‘మరి అమ్మ పేరెందుకు చెప్పావు?’’

‘‘ముసలావిడ మోకాళ్ళంటే అందరూ సరేనంటారు. నాకు అలుపొస్తుందని చెప్పడం... ఏమో, నోరు రాలేదు.’’

నాకూ ఏం మాట్లాడాలో తోచలేదు. ఫీచర్స్‌కి రాకముందు కొన్నాళ్ళు డెస్కులో పనిచేశాను. సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళే కార్లు, తెల్లవారుజామున ఆగివున్న లారీలు... ‘డ్రైవర్‌ నిద్రమత్తే ప్రమాదానికి కారణమని భావిస్తున్నారు’ అన్న వాక్యం ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. ఆ నిద్రమత్తు వెనక ‘కాసేపు ఆగుదాం’ అనడానికి మొహమాటపడ్డ ఒక మనిషి ఉండి ఉంటాడని ఒక్కసారీ అనుకోలేదు. మన ఇళ్ళలో బండి నడిపేవాడికి టీ ఇప్పిస్తాం, పాటలు పెడతాం, ‘కబుర్లు చెబుతూ ఉండండి, నిద్రొస్తుంది’ అంటాం. పడుకోమని మాత్రం అనం.

పొద్దున్న ఏడింటికే బయల్దేరాలి. ఆరున్నరకి అమ్మ గుమ్మంలోకొచ్చి అక్కతో అంది. ‘‘ఇవాళ మోకాళ్ళు అస్సలు కదలడం లేదే. అల్లుడుగార్ని లేపకు. పది తర్వాత వెళ్దాం.’’

వాకిలి వైపు కిటికీ అమ్మ గదిదేనని నాకప్పుడు గుర్తొచ్చింది.

బావ తొమ్మిదిన్నర దాకా పడుకున్నాడు. ఈలోపు మేం ‘ఓటెల్‌ ద్యూ’ చూసొచ్చాం. 1443లో నికొలా రొలాఁ అనే మంత్రి పేదల కోసం కట్టించిన ఆసుపత్రి అది. రంగురంగుల పెంకుల కప్పు, లోపల పెద్ద హాలు, అటూ ఇటూ వరసగా ఎర్ర తెరల మంచాలు. 1971 దాకా అక్కడ రోగుల్ని చూశారట. ‘‘ఎంత శుభ్రంగా ఉన్నాయే పక్కలు’’ అంది అమ్మ. ఆ రోజు మిగిలిన 450 కిలోమీటర్లలో నాలుగుసార్లు ఆగాం. అడిగిందల్లా అమ్మే. పొద్దుగూకకముందే సముద్రం కనిపించింది.

అక్కకి ఇప్పుడు అంతా తెలుసు. నేనిది రాస్తానన్నప్పుడు బావే చెప్పాడు. అక్క రెండ్రోజులు మాట్లాడలేదట. ఇప్పుడు కుడిపక్క రోడ్డు మీద నడపడం నేర్చుకుంటోంది.

మొన్న 2025 సంక్రాంతికి హైదరాబాద్‌ నుంచి శ్రీకాకుళం వెళ్ళాం. ఏడొందల కిలోమీటర్ల పైచిలుకు. బండి మా పెదనాన్నగారబ్బాయిది. రాత్రంతా నడిపి తెల్లారేసరికి చేర్చేస్తానన్నాడు. ‘‘నా వల్ల కాదు నాయనా, మోకాళ్ళు. పగలే వెళ్దాం, రాత్రికి రాజమండ్రిలో ఆగుదాం’’ అంది అమ్మ.

ఆగాం. ఆ సాయంత్రం గోదావరి చూడ్డానికి పుష్కరఘాట్‌ మెట్లు అమ్మ మాకంటే ముందే దిగింది.