ఐదు సీసాలుంటే లేనట్టే

ఫార్మసిస్టు పనంటే కౌంటర్ పని అనుకుని వస్తారు కొత్తవాళ్లు. చీటీ అందుకోవడం, మాత్రలు కవర్లో వేయడం, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పడం. అది పదిహేను రోజుల్లో చేతికొస్తుంది. ఏళ్లు పట్టేది వెనక గదిలో ఉంది, స్టోరులో. పైనుంచి ఏ పథకం వచ్చినా, ఏ సర్క్యులర్ వచ్చినా, ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి ఒకటే ప్రశ్నగా మారుతుంది: ఎన్ని తెప్పించాలి, ఎప్పటికి తెప్పించాలి?

నేను చేరింది ఉమ్మడి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో, వాగుకు అవతలి ఒడ్డునున్న పీహెచ్‌సీలో. మైదానంలో 30,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ అయితే గిరిజన ప్రాంతంలో 20,000కు ఒకటి. కాగితం మీద మాకే వసతి ఎక్కువ. వాన పడితే ఎన్ని గూడేలకు దారి తెగుతుందో ఆ కాగితం మీద ఉండదు. నాకు పని నేర్పిన పెద్దాయన అప్పటికే రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న సీనియర్ ఫార్మసిస్టు. అప్పట్లో మందుల బడ్జెట్ పాస్‌బుక్‌లో ఉండేది. మూడు నెలలకింత అని రాసి ఇచ్చేవారు, తెచ్చుకున్నకొద్దీ కోసేవారు. ఆయన ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "వానాకాలం సరుకు మే నెలలోనే తెచ్చిపెట్టు బిడ్డా. వాగొచ్చినంక ఈ పుస్తకం పడవై తేలదు" అన్నాడు. మలేరియా కిట్లు, ఓఆర్ఎస్, సెలైన్, పాము మందు. ఈ నాలుగూ మే దాటకముందే అలమారాలో ఉండాలనేది ఆయన పెట్టిన కట్టుబాటు. నేనూ దాన్ని దాటలేదు.

ఇప్పుడు పాస్‌బుక్ పోయి ఈ-ఔషధి వచ్చింది. మంచి సాఫ్ట్‌వేర్, కాదనను. ఏ బ్యాచ్ ఎక్కడుందో తెలుస్తుంది. ల్యాబ్‌లో ఫెయిలైన బ్యాచ్‌ను పైనుంచే ఆపేస్తే ఇక్కడ మనం ఇవ్వబోయినా ఇవ్వనివ్వదు. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి కనపడతాయి కాబట్టి పక్క పీహెచ్‌సీకి పంపొచ్చు. కానీ ఒక సంగతి గుర్తుంచుకో. అది గతాన్ని మాత్రమే చూస్తుంది. ఆరు నెలల్లో 12,000 పారాసిటమాల్ మాత్రలు పోయాయనుకో, నెలకు 2,000 అంటుంది. అందులో రెండు నెలలు స్టాకే లేదని, లేని మందు ఎవరికీ ఇవ్వలేమని దానికి పట్టదు. మందు ఉన్నది నాలుగు నెలలే. కాబట్టి నిజమైన వాడకం నెలకు 3,000. ఈ సవరణ చెయ్యకుండా ఇండెంట్ పెడితే ఈసారి తక్కువ వస్తుంది, తొందరగా అయిపోతుంది, వచ్చేసారి ఇంకా తక్కువ వస్తుంది. మందుల కొరత చాలాచోట్ల లారీలో రాదు, మన లెక్కలోనే పుడుతుంది. అందుకే నా టేబుల్ మీద ఇప్పటికీ ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ఏ మందు ఏ తేదీన నిండుకుందో, మళ్లీ ఏ తేదీన వచ్చిందో, రెండే గళ్లు. చూసి నవ్వినవాళ్లున్నారు. ఆడిట్ నాడు అడిగి తీసుకుపోయినవాళ్లూ వాళ్లే.

కొత్త పాలసీ వచ్చినప్పుడైతే గతం అసలే పనికిరాదు. రక్తపోటు సంగతే తీసుకో. 2017 చివర్లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి కొద్ది మందులతో అందరికీ ఒకే వరస, ఒక్కొక్కరికి ఒకేసారి ముప్పై రోజుల మాత్రలు. అంతకుముందు వారానికో పది రోజులకో సరిపడా ఇచ్చి పంపేవాళ్లం. కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు మళ్లీ మళ్లీ? సగం మంది మధ్యలోనే మానేసేవారు. పాత లెక్క అంతా ఆ మానేసినవాళ్ల లెక్కే. అలాంటప్పుడు వాడకం పక్కన పెట్టి మనుషులను లెక్కపెట్టాలి. రిజిస్టర్‌లో 300 మంది ఉంటే నెలకు 9,000 మాత్రలు, మూడు నెలలకు 27,000, ఆలస్యానికి ఇంకో నెలది, మొత్తం 36,000. ఆ 300 పేర్లు నాకు ఇచ్చింది మా ఏఎన్ఎంలు. ఇంటింటికీ తిరిగి బీపీ చూసిన ఆ పుస్తకాలు లేకపోతే నా ఇండెంట్ ఊహాగానమే. స్టోరులో కూర్చున్నవాడు ఫీల్డ్‌వాళ్లతో మాట కలపకపోతే వాడి అంకెలు నమ్మొద్దు.

సర్క్యులర్ చదవడం కూడా ఒక విద్యే. మొదటి పేజీలో ఉద్దేశాలు ఉంటాయి, వాటిని డాక్టర్‌గారు చదువుకుంటారు. నువ్వు వెతకాల్సినవి వేరు: ఏ తేదీ నుంచి, ఏ వయసుకు, ఎంత డోసు, పాత స్టాకును ఏం చెయ్యాలి, దేనికి వర్తించదు. 2016 ఏప్రిల్ 25న మూడు రకాల వైరస్‌లకు వేసే పోలియో చుక్కలు ఆపేసి రెండు రకాలకే వేసే చుక్కలకు మారాం, దేశమంతా ఒకే రోజు. ఆ రోజు తర్వాత పాత సీసా ఒక్కటి కూడా ఐఎల్ఆర్‌లో, అంటే టీకాల ఫ్రిజ్‌లో, కనపడకూడదు. వెతకడానికి మనుషులొచ్చారు కూడా. అలాంటి మార్పుకు పని ఆ తేదీన మొదలు కాదు, రెండు నెలల ముందే పాత సరుకు తగ్గించి తెచ్చుకోవడంతో మొదలవుతుంది. తెరిచిన టీకా సీసాను 28 రోజుల దాకా వాడుకోవచ్చన్న పాలసీ చూడు. పెంటావాలెంట్‌కు, పోలియో చుక్కలకు సరే. బీసీజీకి, తట్టు టీకాకు కాదు. అవి కలిపిన నాలుగు గంటల్లో పారెయ్యాల్సినవే. 28 రోజులని సగం చదివి సంబరపడేవాళ్లు ఆ రెండో వాక్యం దగ్గర దొరికిపోతారు.

టీకాల మాటెత్తాను కాబట్టి ఒకటి చెప్పి వదిలేస్తా. పక్క పీహెచ్‌సీలో కొత్తగా చేరిన కుర్రాడు ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లను తీసినవి తీసినట్టే క్యారియర్లో సర్దాడు. ఎంత చల్లగుంటే అంత మంచిదనుకున్నాడు. పెంటావాలెంట్ గడ్డకట్టింది. సీసా మీది వీవీఎం గుర్తు వేడి తగిలితే మారుతుంది కానీ చలికి మారదు, కాబట్టి చూడ్డానికి అంతా బాగానే ఉంది. సీసా అడుగున మడ్డి చూసి అనుమానపడింది అక్కడి ఏఎన్ఎం అక్క. షేక్ టెస్ట్ చేసి ఆ సీసాలన్నీ పక్కన పెట్టించింది. ఐస్ ప్యాక్ బయటపెట్టి, చెవి దగ్గర ఆడిస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడే సర్దాలి. ఆ కుర్రాడు ఇప్పుడు అందరికంటే బాగా సర్దుతాడులే.

పాము కాటు మందు దగ్గర మాత్రం నేను మొండివాణ్ని. ఏఎస్‌వీ మొదటి డోసే పది సీసాలు. పిల్లాడికైనా పెద్దాయనకైనా అంతే, విషం మనిషి బరువు చూసి దిగదు. రక్తపింజర కాటైతే మరో పది కూడా పట్టొచ్చు. కాబట్టి అలమారాలో ఐదు సీసాలున్నాయంటే లేనట్టే. "స్టాకుంది" అని రిపోర్టులో రాసుకోవడానికి తప్ప పనికిరావు. ఒక జూలై తెల్లవారుజామున ఓ తండ్రి కొడుకును బండి మీద తెచ్చాడు. నేల మీద పడుకున్న పిల్లాడు, కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి, గాటు ఎక్కడా లేదు. మా డాక్టరమ్మ చూడగానే కట్లపాము అంది. స్టాఫ్ నర్సు, నేను, అటెండర్ తలా మూడు నాలుగు సీసాలు పట్టుకుని పొడి కరిగించాం. గిలక్కొట్టకూడదు, నురగొస్తుంది. అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. 108 వాగు అవతలే ఆగిపోయింది. సెలైన్ ఎక్కుతుండగానే ట్రాక్టర్ మీద దాటించారు. పిల్లాడు బతికాడు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ పేరు డాక్టరమ్మకు రావాలి, వచ్చింది. మే నెల కట్టుబాటు పెట్టిన పెద్దాయనకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

సీసాలతో పాటు ఆ ట్రేలో ఏముండాలో కూడా రాసుకో. అడ్రినలిన్, అట్రోపిన్, నియోస్టిగ్మిన్, ఇంకా శుభ్రమైన, పొడి గాజు గొట్టాలు. ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకడుతుందో లేదో గాజులోనే చూడాలి. ప్లాస్టిక్‌లో చూస్తే ఫలితం తప్పుతుంది, సబ్బుతో కడిగిన గొట్టంలోనూ తప్పుతుంది. గాజు గొట్టాలకు ఇండెంట్ ఎవరూ పెట్టరు. నేను వాటిని ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ డబ్బుతో కొనిపిస్తా. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలయ్యాక పీహెచ్‌సీకి ఏడాదికి అన్‌టైడ్ కింద 25,000, మరమ్మతులకు 50,000, సొసైటీకి లక్ష రూపాయలు అని నిర్ణయించారు. పెద్ద మొత్తమేం కాదు, అదీ ఒక్కోసారి మార్చిలో వచ్చి మార్చిలోనే ఖర్చు పెట్టమంటుంది. అందుకే తీర్మానం, కొటేషన్లు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. డబ్బొచ్చాక అవసరాలు వెతికేవాడు కుర్చీలే కొంటాడు.

2024 మార్చిలో కేంద్రం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో, ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడమని రాష్ట్రాలకు రాసింది. రాసుకోవడం అదనపు పని అని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే అది ఆయుధం. ఏ గూడెం, ఏ నెల, ఎన్ని సీసాలు పట్టాయి, ఎవరిని పైకి పంపాం అన్నది నమోదై ఉంటే ఇండెంట్ పక్కన జత చెయ్యొచ్చు. ఉత్త అంకెను కోసినంత తేలిగ్గా ఆ కాగితాన్ని కొయ్యలేరు.

ఈసారి మాత్రం కోశారు. పాము మందు అడిగినదాంట్లో సగమే మంజూరైంది. మంగళవారం జిల్లా స్టోరుకు పోతున్నా, నువ్వూ రా. మూడేళ్ల పాము కాటు రిజిస్టర్ జిరాక్సులు తీసి పెట్టు, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉన్న పేజీలు పైన ఉండాలి. మాట్లాడేది నువ్వే.