ఉప్పుతో ఒప్పందం

తెలుగువాని నాలుకకూ ఉప్పుకూ గల చుట్టరికం ఈనాటిది కాదు. మేలు మరవనివానిని ‘ఉప్పు తిన్న విశ్వాసం గలవాడు’ అంటాము. పౌరుషం లేనివానిని ‘ఉప్పూ కారం తినడం లేదా?’ అని నిలదీస్తాము. గుట్టుగా కబురు చేరవేసినవానిని ‘ఉప్పందించాడు’ అంటాము. మనుషులలోని తారతమ్యాన్ని చెప్పడానికి వేమన ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన నిలిపి చూపాడు. ఇంతగా మన పలుకులోనూ పళ్లెంలోనూ కలిసిపోయిన ఉప్పుతో, నలభై ఏడేళ్ల వయసులో నేనొక ఒప్పందం చేసుకోవలసివచ్చింది. ఆ ఒప్పందం వెనుక మా నాన్నగారి మౌనం ఉన్నది.

మాది సముద్రానికి దాపున ఉన్న పల్లె. చినగంజాం ఉప్పు కొటారులు మా ఊరికి ఎంతో దూరంలో లేవు. ఎండాకాలంలో ఆ దారిన వెళితే మడుల గట్ల మీద తెల్లని ఉప్పురాసులు కళ్లు మిరుమిట్లు గొలిపేవి. గంపలో కల్లుప్పు పెట్టుకొని అమ్మవచ్చే అవ్వకు మా అమ్మ బియ్యం కొలిచి పోసేది. మామిడిపిందెను ఉప్పుకల్లుతో కొరుక్కొని తినడం మా బాల్యానికి పరమానందం. వేసవి వచ్చిందంటే ఆవకాయ, మాగాయ, గోంగూర జాడీలకు ఎక్కేవి. ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు మేడ మీద ఎండేవి. ఇవి చాలవన్నట్లు అన్నంలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు! ఎంత తింటున్నామో లెక్కపెట్టిన వారెవ్వరూ మా ఇంట లేరు.

మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. భారతం ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టం వారికి కంఠస్థం. సాయంకాలం అరుగు మీద కూర్చుని వారు పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవారు నిలబడి వినేవారు. నాకు తెలుగు మీద మక్కువ కలిగింది ఆ అరుగు మీదనే. 1996లో ఒక వైద్యుడు వారిని పరీక్షించి రక్తపోటు ఎక్కువగా ఉన్నదని మాత్రలు రాసి ఇచ్చాడు. రెండు నెలలు వాడారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, లేని జబ్బుకు మందెందుకని తమకు తామే మానివేశారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1998లో ఒకనాటి తెల్లవారుజామున వారికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. అంతకంటె ఘోరంగా, మాట పడిపోయింది. మూడేళ్లు వారు మంచం మీద ఉన్నారు. నేను సెలవులకు వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని భారత పద్యాలు చదివి వినిపించేవాణ్ణి. ఎక్కడైనా ఒక పదం తప్పు చదివితే వారి ఎడమచేతి చూపుడువేలు లేచేది. ఒప్పు ఏమిటో వారికి తెలుసు, పెదవులు కదిలేవి, పలుకు మాత్రం వెలుపలికి వచ్చేది కాదు. కన్నీరు వచ్చేది. ఆ లేచిన వేలిని నేను ఈనాటికీ మరచిపోలేదు.

మరచిపోలేదు గాని, దాని నుండి నేర్చుకున్నదీ లేదు. 2016లో మా కళాశాలలో రక్తదాన శిబిరం జరిగింది. విద్యార్థులకు ఆదర్శంగా ఉండాలని అందరికంటె ముందు నేనే వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. శిబిరానికి వచ్చిన వైద్యురాలు నా జబ్బకు పట్టీ చుట్టి చూసింది. పది నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. “మాస్టారూ, మీ రక్తం తీసుకోలేను. మీ రక్తపోటు 164/102 ఉన్నది” అన్నది. వరుసలో నిలబడిన నా విద్యార్థుల ముఖాలు చూడలేక తల వంచుకున్నాను. “నాకే బాధా లేదమ్మా” అన్నాను. “బాధ లేకపోవడమే దీని లక్షణం. మీ ఇంట్లో పెద్దలకు ఎవరికైనా ఉండేదా?” అని ఆమె అడిగింది. నాన్నగారి వేలు నా కళ్ల ముందు లేచింది.

రక్తపోటు అనగా గుండె నెట్టిన రక్తం నాళాల గోడల మీద కలిగించే ఒత్తిడి. దానిని పాదరస స్తంభపు ఎత్తుతో, మిల్లీమీటర్లలో చెబుతారు. పై అంకె గుండె ముడుచుకొన్నప్పటిది. కింది అంకె గుండె సడలినప్పటిది. 120/80 వరకు ఆరోగ్యకరం. 140/90 దాటి నిలకడగా ఉంటే చికిత్స అవసరం. స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్లేయుడు ఒక గుర్రపు రక్తనాళంలోకి గొట్టం దూర్చి రక్తం ఎంత ఎత్తు లేస్తుందో కొలిచిన సంగతిని 1733లో ప్రకటించాడు. నేటి పట్టీ పరికరానికి 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి రూపం కల్పించాడు. ఇంత సులువుగా కొలవదగిన దానిని నేను ఏళ్ల తరబడి కొలిపించుకోలేదు.

ఉప్పుకు దీనితో సంబంధమేమిటి? ‘ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు’ అన్న సామెతలోనే సమాధానం కొంత ఉన్నది. ఉప్పులో సుమారు నలభై శాతం సోడియం. అది ఎక్కడ ఉంటే అక్కడ నీటిని పట్టి ఉంచుతుంది. మూత్రపిండాలు వెలుపలికి పంపగలిగిన దానికంటె ఎక్కువ సోడియం చేరితే రక్తపు పరిమాణం పెరుగుతుంది. నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాళాలు గట్టిపడతాయి. గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్లు ఆ భారాన్ని మౌనంగా మోస్తాయి. పండ్లలో, ఆకుకూరలలో ఉండే పొటాషియం సోడియాన్ని వెలుపలికి పంపడంలో తోడ్పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునంటున్నది. అది ఒక చెంచాడు మాత్రమే.

వైద్యుని వద్దకు వెళ్లాను. ఆయన ఒక మాత్ర రాసి, “ఇది మీరు వేసుకోవలసిన మందు. మీరు చేసుకోవలసిన మందు వేరే ఉన్నది. అది వంటింట్లో ఉన్నది” అన్నారు. ఆ రాత్రి నేనూ మా అమ్మాయీ కలిసి లెక్క కట్టాము. ఇంట్లో నలుగురము: అమ్మ, నా భార్య, అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి, నేను. కిలో ఉప్పు పొట్లం ఇరవై రోజులలో అయిపోతున్నది. అంటే రోజుకు 50 గ్రాములు; మనిషికి పన్నెండున్నర గ్రాములు! పచ్చళ్లు, అప్పడాలు, బజారు మిక్స్చరు ఈ లెక్కలో చేరనే లేదు. కొంత వృథాగా పోయిందనుకున్నా, ఉండవలసిన దానికి రెట్టింపు మించి తింటున్నాము.

మరునాడు భోజనాల వేళ, “అమ్మా, ఇక మీదట ఉప్పు సగానికి తగ్గించాలి. ఆవకాయ కూడా మానాలి” అన్నాను. అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, “అయితే నాయనా, మీ నాన్నను నా చేతి వంటే పొట్టన పెట్టుకుందంటావా?” అన్నది.

ఎన్ని కావ్యాలు చదివినా ఆ ప్రశ్నకు నా వద్ద సిద్ధమైన జవాబు లేకపోయింది. కాసేపటికి తేరుకొని, “కాదమ్మా. నాన్నగారు మాత్రలు మానిన సంగతి మనలో ఎవరికీ తెలియదు. ఉప్పు చేటని ఆనాడు మనకు చెప్పినవారూ లేరు. ఇప్పుడు తెలిసింది గనుక అడుగుతున్నాను” అన్నాను. అమ్మ లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు.

మూడవనాటి ఉదయం వంటింట్లోకి వెళ్లి చూస్తే భోజనాల బల్ల మీది ఉప్పు గిన్నె లేదు. అమ్మ దానిని అటకమీద పెట్టించింది. “ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుందిరా. అందుకని ఈ ఏడు పెట్టేదే తగ్గిస్తాను. నాలుగు జాడీలు వద్దు, ఒక్కటి చాలు. ఆదివారం మాత్రం ఒక ముక్క తిను” అన్నది. ఆమె ఒప్పందం అది. నేను సంతకం పెట్టాను.

అమ్మ చేతికి అనుభవం ఉన్నది. ఉప్పు తగ్గిన చోట పులుపు నిలుపుతుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పప్పులో నిమ్మరసం, కూరలో మామిడికాయ, చారులో మిరియాలు, మజ్జిగలో అల్లం, కరివేపాకు చేరాయి. నిలవ పచ్చళ్ల చోట ఏ పూటకాపూట నూరిన దోసకాయ, బీరకాయ పచ్చళ్లు వచ్చాయి. తోటకూర, పాలకూర, బచ్చలి వారానికి నాలుగు రోజులు. మధ్యాహ్నం అరటిపండు. రాత్రి జొన్నరొట్టె. నేను డాక్టరేటు పొందినది శ్రీనాథుని మీద. పలనాటి జొన్నకూటిని ఈసడిస్తూ ఆయన చెప్పినట్లు ప్రచారంలో ఉన్న చాటువులను తరగతిలో నవ్వుతూ పాఠం చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ జొన్నలే నా పళ్లెంలోకి వచ్చి కూర్చున్నాయి!

మొదటి పది రోజులు అన్నం మట్టిలా తోచింది. కోపం వచ్చేది. ఒక పెళ్లి విందులో నిగ్రహం తప్పి గోంగూర, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఆవురావురుమని తిన్నాను. మరునాటి ఉదయం ఇంట్లో కొలిచి చూసుకుంటే పై అంకె మళ్లీ 150 దాటింది. ఆ అంకెను పుస్తకంలో రాయడానికి సిగ్గుపడ్డాను. మా అమ్మాయి కలం అందించి, “రాయండి నాన్నా, సున్నా మార్కులు వచ్చినా మేము దాచగలమా?” అన్నది. రాశాను. ఆరు వారాలు గడిచేసరికి నాలుక దారికి వచ్చింది. హోటలు సాంబారు ఉప్పుకషాయంగా తోచింది. బీరకాయలో ఇంత తీపి ఉన్నదని ఆ వయసులో మొదటిసారి తెలిసింది.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. అమెరికాలో 412 మంది మీద జరిపి 2001లో ప్రకటించిన ఒక పరీక్షలో, మామూలు తిండిని ఎక్కువ ఉప్పుతో తిన్ననాటికంటె, పండ్లు, కూరలు, ముడి ధాన్యాలు, వెన్నతీసిన పాలు గల ఆహారాన్ని తక్కువ ఉప్పుతో తిన్ననాడు, రక్తపోటు గలవారిలో పై అంకె సగటున 11 మిల్లీమీటర్లకు పైగా తగ్గింది. ఆరు నెలల తరువాత నా రక్తపోటు 128/82. వైద్యుడు మాత్ర మోతాదును సగం చేశారు. పూర్తిగా మాన్పించలేదు, నేనూ అడగలేదు. లేని జబ్బుకు మందెందుకన్న మాట మా ఇంట ఒకసారి వినిపించింది, చాలు. మరొక మాట: మూత్రపిండాల జబ్బు గలవారికి పొటాషియం ఎక్కువైనా ప్రమాదమే. కనుక ఆహారం మార్చేముందు వైద్యుని సలహా తప్పనిసరి.

దక్షిణాఫ్రికాలో కస్తూరిబాయి అనారోగ్యంగా ఉన్నప్పుడు ఉప్పూ పప్పూ మానమని గాంధీజీ ఆమెను కోరాడు. మీరైనా మానగలరా అని ఆమె అడగగా, ఆయన ఏడాది పాటు తానే వాటిని విడిచినట్లు ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ మహనీయుడే 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో పిడికెడు ఉప్పు ఎత్తి ఒక సామ్రాజ్యాన్ని ధిక్కరించాడు. ఉప్పు మన హక్కు అనడానికీ, మితం మన బాధ్యత అనడానికీ ఆ జీవితమే సాక్ష్యం.

విద్యార్థులారా, ఇది పెద్దవారి జబ్బని మీరు అనుకోవచ్చు. నాలుక అలవాట్లు పడేది మాత్రం మీ వయసులోనే. చిప్సులో, నూడుల్సులో, సాసులో, చివరకు రొట్టెలో, బిస్కట్టులో కూడా ఉప్పు దాగి ఉన్నది. పొట్లం మీద సోడియం ఎంతని రాశారో చూసి, దానిని రెండున్నరతో గుణించండి. మీరు తినే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక మీ అమ్మనూ నాన్ననూ ఒక ప్రశ్న అడగండి: “మీ రక్తపోటు ఎంత?” తెలియదంటే వెంటబెట్టుకొని వెళ్లి చూపించండి. మందులు రాసి ఉంటే వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి. 1996లో నేను మా నాన్నగారిని ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు సాయంకాలాలు నేను భారతం చదువుతుంటాను. పదం తడబడితే ఆగిపోతాను. ఎక్కడో ఒక చూపుడువేలు లేచినట్లవుతుంది. వెనక్కి వెళ్లి, సరిదిద్దుకొని, బిగ్గరగా పలుకుతాను. పలకగలుగుతున్నాను.