తలుపు తట్టొద్దు, రికార్డింగ్ జరుగుతోంది

భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో బడిపంతులు. కాంతం కథల మునిమాణిక్యం నరసింహారావు గారూ బడిపంతులే. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు. కొడవటిగంటి కుటుంబరావు గారు ఏళ్ల తరబడి చందమామ పని చూస్తూనే కథలూ, నవలలూ, వ్యాసాలూ గుట్టలుగా రాశారు. అంపశయ్య నవీన్ గారు ఎకనామిక్స్ లెక్చరర్‌గా పనిచేశారు. ఈ జాబితా నాకు కంఠతా వచ్చు. ఉద్యోగం, సంసారం, చదువు, పక్కన ఓ సరదా పని, ఇవన్నీ ఒక్క మనిషే చేసుకురాగలడు అనడానికి నేను ఇంట్లో ప్రవేశపెట్టే సాక్షుల పట్టిక అది. ఓ రాత్రి భోజనాలయ్యాక దాన్ని మరోసారి ఏకరువు పెడుతుంటే మా ఆవిడ చేతిలో గిన్నె పక్కన పెట్టి, "బాగుందండీ. వాళ్ల ఇళ్లల్లో అంట్లు ఎవరు తోమారో, ఆ పేర్లు కూడా చెప్పండి" అంది.

ఆలోచించి డాక్టర్ పి. శ్రీదేవి గారి పేరు పట్టుకొచ్చాను. డాక్టరుగా ఉంటూనే 'కాలాతీత వ్యక్తులు' రాశారు, ఆ నవలే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారం అయింది. ఇక నోరెత్తదు అనుకున్నా. "ఆవిడని చూసి బుద్ధి తెచ్చుకోవాల్సింది నేను కదా, మధ్యలో మీకెందుకు సంబరం? రేపట్నుంచి నేను నవల రాస్తా, మీరు కుక్కర్ పెట్టండి" అంది. సాక్షుల పట్టిక ఆ రాత్రితో మూతపడింది.

మేం ఉండేది నల్లకుంటలో, కూరగాయల మార్కెట్టుకి దగ్గర్లో, మేడమీద చిన్న వాటా. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అమ్మ. ఆఫీసు తార్నాక వైపు. విద్యానగర్ మీదుగా పోయి, ఉస్మానియా క్యాంపస్‌లో దూరి, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి అవతలికి తేలితే తార్నాకే. దారి పొడుగునా చెట్ల కింద ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే పిల్లలు కనిపిస్తారు. వాళ్లని రోజూ చూస్తూ వెళ్లేవాడికి తనూ ఏదో చదవాలి, ఏదో చెయ్యాలి అనిపించకపోతే ఆశ్చర్యం. నాకు కాస్త ఎక్కువగా అనిపించింది, అంతే.

అమ్మకి నీటికాసుల జబ్బు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవడానికే చుక్కల మందు. పేపర్లో హెడ్డింగులు చదువుతుంది, కింద వార్త మమ్మల్ని అడుగుతుంది. ఒకరోజు, "గణపతి మళ్లీ ఒక్కసారి వినాలనుందిరా. రేడియోలో వేసినప్పుడు ఎంత నవ్వేవాళ్లమో" అంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గణపతి' పుస్తకం ఇంట్లో ఉంది, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నదే. నేను చదివిపెడతాలే అన్నాను. ఆ పూటే అటక మీంచి దింపి నాలుగు పేజీలు చదివేసి ఉంటే ఇప్పుడు నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఊరికే చదివిపెట్టడమేమిటి, రికార్డు చేద్దాం అనిపించింది. రికార్డు చేశాక అమ్మ ఒక్కతే వినడమేమిటి, డాలస్‌లో వాళ్లూ మెల్‌బోర్న్‌లో వాళ్లూ వింటారు కదా అనిపించింది. పాత తెలుగు హాస్యం మొత్తం నా గొంతులోంచి లోకానికి అందాలి. కాలర్ మైకు కొన్నాను, హెడ్‌ఫోన్లు కొన్నాను. అమ్మాయి చేత బొమ్మ గీయించాను, నచ్చలేదని మళ్లీ గీయించాను, మూడోసారి అడిగితే డ్రాయింగ్ పుస్తకం నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది. పేరు, బొమ్మ, ముందు వచ్చే వీణ ముక్క కుదిరేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటికి ఒక్క వాక్యం చదవలేదు.

మొదట గణపతి కాదు, 'బారిస్టరు పార్వతీశం' పట్టుకున్నాను. ఎందుకంటే అది అందరికీ తెలుసు, జనం ఎక్కువ వింటారు. చూశారా, అమ్మ అడిగింది అప్పుడే రెండో వరసలోకి పోయింది. పార్వతీశం మొగల్తూరు దాటకముందే ఆఫీసులో ఓ మిత్రుడు, "కాపీరైటు చూసుకున్నావా?" అన్నాడు. చూసుకోలేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్లు లెక్క. పార్వతీశాన్ని రాసిన మొక్కపాటి నరసింహశాస్త్రి గారు పోయింది 1973లో. అంటే 2033 చివరిదాకా అనుమతి లేకుండా ఆ పుస్తకాన్ని ముట్టుకోకూడదు. కాంతం కథలదీ అదే లెక్క, మునిమాణిక్యం గారు పోయిందీ ఆ ఏడాదే. మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, "పోన్లెండి, 2034 దాకా ఖాళీయే కదా, ఆ బట్టలు కాస్త ఆరేయండి" అంది.

చిలకమర్తి వారు 1946లో పోయారు, ఆయన పుస్తకానికి అడ్డేమీ లేదు. అలా గణపతి దగ్గరికే వచ్చాను, అమ్మ కోసం కాదు, చట్టం కోసం.

నల్లకుంటలో నిశ్శబ్దం ఏ గంటకి దొరుకుతుందో తెలుసుకోవాలంటే మైకు పెట్టి కూర్చోవాలి. పొద్దున పాలవాడు, బండి మీద ఉల్లిగడ్డల మైకు, కింది వాటా బోరు మోటారు. పాతవాళ్లు కోరంటి దవాఖానా అనే ఫీవర్ ఆసుపత్రి వైపు వెళ్లే అంబులెన్సులు. రాత్రి పదకొండు దాటాక విద్యానగర్ పట్టాల మీంచి రైలు కూత. ఆ కూతకీ ఈ కూతకీ మధ్య దొరికిన సందులో చదవాలి. ఫ్యాను తిరిగితే మైకులో హోరు వస్తుంది కనుక మే నెలలో ఫ్యాను ఆపి, కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపేసుకుని చెమటలు కక్కుతూ హాస్యం చదివాను. హాస్యం చదివేవాడి గొంతు ఏడుపు గొంతులా ఉందని అమ్మాయి చెప్పింది. తలుపు మీద కాగితం అంటించాను: రికార్డింగ్ జరుగుతోంది, తట్టొద్దు. పది నిమిషాల చదువుకి దగ్గులూ తడబాట్లూ ఏరడానికి గంట పైనే పట్టేది. మంచినీళ్ల బాటిలు ఫ్రిజ్ లోపలా బయటా ఎన్నిసార్లు చేరిందో ఆ గంటలో నాకు తెలీదు. అమ్మాయికి లెక్కల పరీక్ష ఎప్పుడో తెలీదు. మా ఆవిడకి జ్వరం వచ్చి తగ్గిన సంగతి మాత్రం తెలుసు, తగ్గాక చెప్పింది.

ఇందులో నవ్వు నన్ను కాపాడుతుందనుకున్నాను. ఇంట్లో ఎవరైనా ముఖం ముడిస్తే ఓ జోకు వేసేవాణ్ని, వాళ్లు నవ్వగానే తలుపేసుకునేవాణ్ని. జోకు నాకు గేట్ పాస్. అక్కడితో ఆగినా బాగుండేది. ఓ భాగానికి ముందుమాటలో, మా ఇంటి కుక్కరు మా ఆవిడ మనసెరిగి సరిగ్గా నేను మైకు పెట్టినప్పుడే కూస్తుందని చమత్కరించాను. బంధువులు తెగ మెచ్చుకున్నారు. మా పెద్దత్త ఫోన్ చేసి మరీ నవ్వింది. మా ఆవిడ అంతా విని, "ఆ కుక్కర్లో పప్పు ఎవరికి?" అని అడిగి ఊరుకుంది. తర్వాత కొన్నాళ్లు నాతో ఉప్పు, కరెంటు బిల్లు లాంటి విషయాలే మాట్లాడింది. ఆ ముందుమాట తీసేశాను.

ఆ రోజుల్లో కాంతం కథలు మళ్లీ తీశాను, చదువుకోవడానికి కాపీరైటు అడ్డురాదు కదా. భార్య మీద జోకులు రాసి పేరు తెచ్చుకున్న రచయిత అనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. తీరా చూస్తే అక్కడ మాటకి మాట అంటించి గెలిచేది ఎక్కువగా కాంతమే, తెల్లమొహం వేసేది కథ చెప్పే మొగుడు. సంసారం మీద హాస్యం రాయడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు కనబడలేదు. నేను చేసింది అది కాదు. ఇంట్లో పని ఎగ్గొట్టి, పని చేసే మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను.

ఇక చదువు. ప్రాజెక్టు మొదలెట్టాక కొత్త పుస్తకం చదవడం దాదాపు ఆగిపోయింది. చదివిన పేజీనే ఉచ్చారణ కోసం పదేపదే చదవడం చదువు కిందికి రాదు. డిసెంబరు పుస్తక ప్రదర్శనలో కొన్నవి సంచులతో సహా అటకెక్కాయి. ఆ లోటు తీర్చుకోవడానికి పొద్దున్నే వాకింగ్ అని చెప్పి క్యాంపస్‌కి పోయేవాణ్ని. ఆర్ట్స్ కాలేజీ కనబడేలా ఓ చెట్టు కింద కూర్చుని పుస్తకం తెరిచేవాణ్ని. ఆ భవనం 1939లో పూర్తయింది, ఉదయపు ఎండలో ఆ గులాబిరంగు రాయి చూస్తుంటే పేజీ తిరగదు, ఆ తప్పు నాది కాదు. అక్కడ నేను చదివింది 'అంపశయ్య'. 1969లో వచ్చిన ఆ నవల ఇదే యూనివర్సిటీలో ఒక విద్యార్థి గడిపిన ఒక్కరోజు. అతని ఒక్కరోజు నవల నిండా పట్టింది, నా రోజు పది పేజీలకి కూడా చాలట్లేదని వాపోతూ ఉంటే పక్క చెట్టు కుర్రాడు, "అంకుల్, మీరు గ్రూప్ వన్‌కా, టూకా?" అని అడిగాడు. వయసు దాటిపోయిందన్నాను. "రిలాక్సేషన్ ఉంటది అంకుల్, చూస్కోండ్రి" అని ధైర్యం చెప్పాడు పాపం.

వాకింగ్ బండారం అమ్మాయి బయటపెట్టింది. నా ఫోన్లో అడుగులు లెక్కపెట్టేది చూసి, "నాన్నా, గంట వాకింగ్‌లో వెయ్యి అడుగులు కూడా లేవేంటి?" అంది. చదువుకోవడానికి పోతున్నానని చెప్తే ఎవరూ కాదనేవాళ్లు కారు. చెప్పకపోవడానికి కారణం ఒకటే. చెప్తే, ఆ గంట నాకు ఎందుకు ఇవ్వాలో వాళ్లని అడగాలి. అడిగితే, వాళ్లకి ఓ గంట నేను ఇవ్వాలి. ఆ బేరం పడలేక అబద్ధం ఆడాను.

అమ్మ సంగతి చివరికి ఉంచాను, చెప్పడానికి మనసొప్పక. తయారైన భాగాలన్నీ అమ్మ ఫోన్‌కి పంపేవాణ్ని. బాగుందిరా అనేది. ఒక రాత్రి శబ్దం శుభ్రం చేస్తూ ఉంటే, ఓ చోట పుస్తకంలో నవ్వొచ్చే మాట పడగానే వెనక ఏదో చిన్న గరగర. బల్లి అనుకుని కోసేశాను. ఇంకోచోట కూడా, సరిగ్గా నవ్వొచ్చే చోటే. బల్లికి ఇంత రసజ్ఞత ఉండదు కదా అని హెడ్‌ఫోన్లు బిగించి శబ్దం పెంచి విన్నాను. అమ్మ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. టచ్ ఫోన్లో నేను పంపిన లింకు ఎక్కడ నొక్కాలో ఆవిడకి కనబడదు. అందుకని రాత్రుళ్లు తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, సందులోంచి వింటోంది. రికార్డింగ్ పాడవుతుందని తట్టలేదు, దగ్గు కూడా ఆపుకుంది. ఈ సంగతి మా ఆవిడకీ అమ్మాయికీ తెలుసట. "కాగితం అంటించారుగా, ఎలా చెప్పమంటారు?" అన్నారు.

చిలకమర్తి వారికి తర్వాతి రోజుల్లో చూపు పోయింది. చెప్పి రాయించేవారు, చదివించుకుని వినేవారు. ఆయన పుస్తకాన్ని చూపు తగ్గిన మనిషికి వినిపించాల్సింది పోయి, ఆవిడ నవ్వుని చప్పుడు కింద లెక్కగట్టి కోసేసినవాణ్ని నేను. ఎన్నిచోట్ల కోశానో ఇక వెతకలేదు.

ఇప్పుడు సాయంత్రాలు వంటింటి గుమ్మంలో కూర్చుని గణపతి చదువుతున్నాను, మైకు లేదు. చిక్కుళ్లు ఒలుస్తూ చదువుతాను కనుక వేగం తక్కువ. కుక్కరు కూస్తే ఆగుతాను. అమ్మ మధ్యలో తన చిన్నప్పటి కథ ఎత్తుకుంటే గణపతి పక్కకి జరుగుతాడు. అమ్మాయి వింటూ వింటూ లెక్క అడుగుతుంది, అది నాకు రాదు. అంతా అద్భుతంగా ఉందని కాదు, కొన్ని సాయంత్రాలు అందరం సీరియల్ చూసేస్తాం. నా చదువుకి ఆదివారం మధ్యాహ్నం నాది అని పైకి చెప్పి తీసుకున్నాను. అందుకు బదులుగా పొద్దున మార్కెట్టు, టిఫిను నావి. ఉప్మాలో ఉప్పు ఎక్కువైతే ఆ జోకులు నా మీదే. అవి బాగానే పేలుతున్నాయి.

ఇల్లు, చదువు, సొంత ప్రాజెక్టు, ఈ మూడింట్లో ఏది తగ్గించాలి అని మిత్రులు అడుగుతుంటారు. నా తీర్పు ఒకటే: సొంత ప్రాజెక్టుని. ఇల్లు ఆగదు. చదువు ఆగితే ప్రాజెక్టులో పెట్టడానికి సరుకుండదు. ప్రాజెక్టుని మాత్రం ఎవరూ అడగలేదు. నిజాయితీగా లెక్కేస్తే డాలస్ నుంచి నాకు వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదు. ఎప్పుడైనా బుద్ధి పుడితే నెలకో పది నిమిషాలు ఫోన్‌లోనే రికార్డు చేస్తాను, ఫ్యాను తిరుగుతూనే, చప్పుళ్లేవీ కొయ్యకుండా.

కాలర్ మైకు ఒకటి నా దగ్గర ఊరికే పడి ఉంది, మంచి కంపెనీదే. ఎవరికైనా కావాలంటే నల్లకుంట వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. వచ్చేముందు ఇంట్లోవాళ్లని ఒక్కసారి అడిగి రండి.