తొమ్మిది లెక్క

చప్పుడు నాకు వినబడింది. నాయినకి వినబడలేదు.

దసరాకి గోపాల్‌పేట వెళ్తే, నాయిన ఎప్పటిలాగే వనపర్తి బస్టాండుకి అంబాసిడర్ వేసుకొని వచ్చాడు. కూర్చున్నానో లేదో బానెట్ కింద టకటక, కుట్టుమిషన్ పరిగెత్తినట్టు. "టాపెట్లు కొడుతున్నయి గదా నాయినా?" అన్నాను. "ఏం కొడ్తలేవు. ఇంజను బంగారం లెక్కుంది" అన్నాడు. కాస్త ముందుకెళ్ళాక వెనక లారీ మూడుసార్లు హారన్ కొట్టింది. నాయిన పక్కకి తియ్యలేదు.

స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని, తేడా ఏ సిలిండర్‌లో ఉందో చెప్పే మనిషి ఆయన. సెకండ్ హ్యాండులో కొన్న ఈ మార్క్ ఫోర్‌తోనే ఊళ్ళో వాళ్ళని కాన్పులకి వనపర్తి, పెద్ద జబ్బులకి కర్నూలు తీసుకెళ్ళాడు. నా చదువు ఖర్చు కూడా ఈ బండే మోసింది. బండి నడపడం ఇక ఆపెయ్యమని చెప్పాలని ఆ రాత్రే అనుకున్నా. నోరు రాలేదు. "టాపెట్లు మారుద్దాం" అన్నాను.

హైదరాబాదులో నా కారులో ఉన్నవి హైడ్రాలిక్ లిఫ్టర్లు. ఆయిల్ ప్రెషర్‌తో గ్యాపు వాటంతటవే సర్దుకుంటాయి. అంబాసిడర్ అట్లా కాదు. 1958 నుంచి 2014 దాకా తయారైన ఈ బండిలో చాలా ఏళ్ళు ఉన్నది బ్రిటిష్ డిజైన్ 1489 సీసీ ఇంజనే. క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో తిరుగుతుంటే దానిమీద చిన్న గిన్నెల్లాంటి టాపెట్లు ఎగిరిపడతాయి. అవి పుష్‌రాడ్‌ని తోస్తే, రాడ్ పైనున్న రాకర్‌ని లేపితే, రాకర్ వాల్వ్‌ని నొక్కుతుంది. టాపెట్ పైకీ కిందికీ ఆడుతూనే తన చుట్టూ తాను కొద్దికొద్దిగా తిరుగుతుంది. అట్లా తిరిగినన్నాళ్ళూ అడుగు సమంగా అరుగుతుంది. తిరగడం ఆగితే ఒకేచోట గుంట పడుతుంది.

రాణీగంజ్ నుంచి ఎనిమిది టాపెట్లు, గాస్కెట్లు తెప్పించా. వాకిట్లో వేపచెట్టు కింద పని మొదలైంది. ముందు రేడియేటర్ నీళ్ళు దింపాం. ఈ ఇంజనులో రాకర్ షాఫ్టుని పట్టుకునే నట్లలో నాలుగు హెడ్డుని కూడా పట్టుకొని ఉంటాయి. వాటినొక్కటే విప్పితే హెడ్డు వంగుతుంది. అందుకని హెడ్ నట్లన్నీ కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. నేను తొందరపడి ఒకదాన్ని బలంగా తిప్పబోతే నాయిన చెయ్యి పట్టుకున్నాడు. "నిమ్మళంగ. అన్నిటినీ అడుక్కుంట పోవాలె."

కార్బురేటర్, మానిఫోల్డ్ తీస్తే బ్లాకు పక్కన రెండు రేకు మూతలు. వాటి వెనకే టాపెట్లు. అమ్మ గుడ్ల అట్ట తెచ్చిచ్చింది. గుంటల పక్కన ఒకటి నుంచి ఎనిమిది దాకా బొగ్గుతో అంకెలు రాసి, ఏది ఎక్కణ్ణించి వచ్చిందో ఆ వరుసలోనే పెట్టాం. మూడింటి అడుగు చిల్లులు చిల్లులుగా ఉంది. నాయిన కళ్ళు మూసుకొని వేలుతో తడిమి చూశాడు. తర్వాత రంధ్రాల్లోంచి టార్చి వేయించి క్యామ్ చూశాడు, వేలు దూర్చి తడిమాడు. క్యామ్ పోయుంటే కొత్త టాపెట్లని కూడా తినేస్తుంది, ఇంజను దింపాల్సి వచ్చేది. నున్నగానే ఉంది.

కొత్తవాటికి ఆయిల్ పూసి దించి, అన్నీ బిగించాక గ్యాపు పెట్టే పని. నేను ఫోన్‌లో చార్టు వెతుకుతున్నా. "తొమ్మిది లెక్క మర్సినవా?" అన్నాడు. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. ఏ రెండు కలిపినా తొమ్మిదే. చిన్నప్పుడు నాకు కూడికలు వచ్చింది ఈ లెక్కతోనే. ఫీలర్ గేజ్ కదిలించి ఎంత బిగువు ఉందో ఆయన వేళ్ళు చెప్పాయి. నేను స్పానర్ తిప్పాను.

స్టార్టయ్యాక ఇరవై నిమిషాలు స్లోలో పడనివ్వలేదు. క్యామ్‌కి నూనె చిందితేనే అందుతుంది, కొత్తవి ఒరుసుకునేటప్పుడు ఇంజను జోరుగా తిరగాలి.

"వినబడుతున్నదా?" అడిగాడు. నన్నే అడిగాడు.

"కొంచెం ఉంది నాయినా."

"ఉండాలె. చప్పుడు చేసేదానితోని భయం లేదు. గ్యాపు బిగుసుకున్నది గమ్మునుంటది. వాల్వ్ మూసుకోక లోపల్లోపల కాలిపోతది. మనకు తెల్వను గూడ తెల్వది."

ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. "ఆ రోజు లారీ హారన్ నీకు వినబడలేదు నాయినా" అన్నాను. ఆయన కిరోసిన్‌తో చేతులు తోముకుంటూ ఉండిపోయాడు. మురికి పోయాక కూడా చాలాసేపు తోముకున్నాడు.

మర్నాడు పొద్దున నన్ను బస్సెక్కించడానికి బయల్దేరాం. నాయిన డ్రైవర్ డోరు తెరిచాడు. కాసేపు నిలబడ్డాడు. తాళం నా చేతిలో పెట్టి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమవైపు కూర్చున్నాడు.

"వాపస్ ఎవరు తెస్తరు?" అన్నాను.

"తమ్మునికి ఫోన్ చేసిన. బస్టాండుకి వస్తుండు."

ఊరు దాటాక చూశా, ఆయన అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంది. నేను ఇంజను వింటూ రెండో గేరులోనే పోతున్నా.

"ఇగ మూడుకెయ్యి" అన్నాడు నాయిన. సరిగ్గా అప్పుడే వెయ్యాలి.