తాత నోట్‌బుక్‌లో ఆగిపోయిన ఆవు

2025 ఫిబ్రవరిలో మా ఫ్యామిలీ గ్రూపులోకి ఓ తెల్లావు ఫొటో వచ్చింది. పేరు వియాటినా-19. బ్రెజిల్‌ది. బరువు 1,101 కిలోలు. ధర మన డబ్బుల్లో దాదాపు 40 కోట్లు! నవ్వుకుని ఫార్వర్డ్ చేయబోతుంటే నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మూపురం చూశాడు, గంగడోలు చూశాడు. "ఇది మన వైపు ఆవేరా" అన్నాడు.

మాది కాజీపేట. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన సొంతూరు ఒంగోలు దగ్గర, కరవది పక్కన. ఇక్కడ రైల్వే కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లు బోలెడు మంది. అందుకే "మీదెక్కడ?" అని ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. నేనూ నాన్నని ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసిన ఆవులంటే ఫాతిమానగర్ రోడ్డుకు అడ్డంగా పడుకునేవే.

ఆ రాత్రి అటక మీంచి రేకుపెట్టె దింపాడు. లోపల తాత నోట్‌బుక్. "చిన్న గౌరి. తల్లి పెద్ద గౌరి. తండ్రి గుడి ఆబోతు. 1971 మాఘమాసం. పెయ్య." ఇలాగే పేజీల కొద్దీ. తాత పెద్దగా చదువుకోలేదు. కానీ ఆయన చావిట్లోని ప్రతి దూడకీ అమ్మమ్మ పేరు కూడా రాసి ఉంది.

గుడి ఆబోతేంటి అనడిగా. ఊళ్లో ఎవరైనా పోతే వాళ్ల పేరున మంచి కోడెను ఎంచి, ముద్ర వేసి దేవుడికి వదిలేవాళ్లట. అది ఏ చేలో మేసినా అదిలించరు. ఊరి ఆవులన్నిటికీ అదే. మనం తిట్టుగా వాడే 'అచ్చోసిన ఆంబోతు' ఇదేనన్నమాట!

ఆ జాతే సముద్రం దాటింది. బ్రెజిల్ వాళ్లు దాన్ని 'నెలోర్' అంటారు. ఒంగోలు ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. 1960ల మొదట్లో అక్కడి రొద్రిగెస్ ద కున్యా అనే పశుపోషకుల కుటుంబం మన దగ్గర్నుంచి తీసుకెళ్లిన వాటిలో ఒక ఆబోతు పేరు 'కర్వాది'. మన కరవదే! దాని సంతానం లెక్కంతా అక్కడ రిజిస్టర్లలో ఉంది. ఇవాళ ఆ దేశంలో ఉన్న 20 కోట్లకు పైగా పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే.

మరి మా లెక్క? 1986 జూన్ దగ్గర ఆగిపోయింది. చివరి పేజీల్లో చేతిరాత నాన్నది. తాతకి చూపు తగ్గాక ఈయనే రాసేవాడట. ఆఖరి లైను: "చిన్న గౌరి మనవరాలు. చూలు."

"ఈనిందా?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "నేను డ్యూటీలో చేరిన వారానికే మందంతా అమ్మేశాడంట. ఊళ్లోకి ట్రాక్టర్లొచ్చాయి, ఎద్దుల్ని అడిగేవాడే లేడు. చూసుకోడానికి నేనూ లేను. ఏమైందని నేను అడగలా. ఆయనా చెప్పలా."

తాత పోయి ఇరవయ్యేళ్లు. ఇక చెప్పేవాళ్లు లేరు.

నోట్‌బుక్ పెట్టెలో పెట్టబోతే వద్దన్నాడు. టేబుల్ మీదే ఉంచమన్నాడు. కాసేపాగి, నేనేమీ అడక్కుండానే, "బెజవాడలో దిగి ప్యాసింజర్ పట్టుకుంటే కరవదిలో ఆగుద్ది" అన్నాడు.