గండికోటలో పిడుగులవాన

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱుచోట గండికోట యున్నది. ఆ గండియే కోటకు పేరిచ్చినది. పొరలుపొరలుగా పేర్చినట్లున్న ఎఱ్ఱని రాతిగోడల నడుమ, సుమారు 300 అడుగుల లోతున నీరు సన్నని పట్టీవలె కనబడును. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలకు గండికోట క్వార్ట్‌జైటు అనియే నామకరణము చేసిరి.

ఈ దుర్గమును పెమ్మసాని నాయకులు చిరకాలమేలిరి. 17వ శతాబ్దపు నడుమ ఇది గోలకొండ మంత్రియగు మీర్ జుమ్లాకు లోబడెను. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో అతనిని కలిసికొన్నది ఇచటనే. మాధవరాయస్వామి గోపురమును, రంగనాథుని యాలయమును, జుమ్మామసీదును అందఱును చూతురు. మాకు మాత్రము మసీదు చెంతనున్న ధాన్యాగారము మిక్కిలి నచ్చినది. మావారు ఫిరంగులను, ముట్టడులను గూర్చి చెప్పుచుండగా, ఆ ముట్టడి దినములలో ఈ గాదెనుండి ఎన్ని పొయ్యిలకు గింజలు పోయెనో, కొలిచి పోసిన చేతులెవ్వరివో యని మేము తలపోయుచుంటిమి. కమానులు దిద్దిన రాతికప్పు, మందమైన గోడలు. ఎండలో వచ్చినవారికి లోపల అడుగిడినంతనే ప్రాణము లేచివచ్చును.

కృత్తికకార్తె దినములు. మాతో పదియేండ్ల పెద్దపిల్ల, ఆఱేండ్ల పిల్లవాడు, ఏడాదిన్నర చంటిది. సాయంకాలము నాలుగు గంటలకు మసీదు దాటి లోయ యంచున నున్న బండలపై నుంటిమి. పడమట పిడికెడంత కనబడిన మబ్బు చూచుచుండగనే కొండంతయయ్యెను. వేసవిలో మధ్యాహ్నమునకు నేల కాగి, వేడిగాలి తేమను మోసికొని నిలువున పైకెగయును. అట్టి మేఘము పది కిలోమీటర్లకు మించి పెరుగుట కలదు. ఆ యెత్తున నీరు గడ్డకట్టి వడగండ్లగును. మబ్బులోనుండి క్రిందికి దిగిన చల్లగాలి దుమ్ము నెత్తుకొని ముందుగా మమ్ము తాకినది. పిల్లలు చల్లగానున్నదని చప్పట్లు చఱచిరి.

ఉఱిమినపుడు అర్జునుని పదినామములు చెప్పుట మన యిండ్లలో వాడుక. విరాటపర్వమున ఉత్తరునకు అర్జునుడు తెలిపిన పేర్లవి. మా పెద్దపిల్ల నాయనమ్మవద్ద నేర్చినది. మావారు బడిపంతులు గదా, దానిలోనే లెక్క యొకటి చేర్చిరి. వెలుగు కంటికి తత్క్షణమే చేరును. ధ్వనికి కిలోమీటరునకు సుమారు మూడు క్షణములు పట్టును. మెఱుపు మెఱసినది మొదలు పేర్లు నిదానముగ చెప్పవలెను. మొదటిసారి పదిపేర్లును ముగిసి, మరల సవ్యసాచి దాక వచ్చిన పిదప ఉఱిమినది. రెండవసారి పది పూర్తికాలేదు. మూడవసారి శ్వేతవాహన యనునంతలో గుండెలదరినవి. మెఱుపునకు ఉఱుమునకు నడుమ ముప్పది క్షణములకన్న తక్కువ యెడమున్నచో బయట నిలువరాదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మాకు నాలుగైదు క్షణములే మిగిలినవి.

ధాన్యాగారము కంటికి కనబడుచునేయున్నది, కాని నడుమనంతయు బట్టబయలు, ఎగుడుదిగుడు బండలు. దారిలో నొక వేపచెట్టు. దానిక్రింద మేకలకాపరి యొకడు మందతో నిలిచియుండెను. చెట్టుపై పడిన పిడుగు మానునుండి మనుష్యునిపైకి దూకును, నేలలోను పాకును. ముందుకాళ్లు, వెనుకకాళ్లు ఎడముగానుండుటచే పసులకు ఆ నేలపాటు మఱింత ప్రమాదము. మావారు కేకవేసి వానిని కూడ రమ్మనిరి.

అపుడు వారు చెప్పిన మాట మాకు నేటికిని చెవిలో మ్రోగును. “అందఱును గుంపుగా నడువరాదు. పదేసి బారల యెడముండవలెను.” ఒక్క పిడుగు అందఱిని పడవేయకుండుటకును, ఒకరు కూలినను వేఱొకరు లేపుటకును ఆ యెడము. పిడుగు తాకినవారి దేహమున విద్యుత్తు నిలిచియుండదు, నిర్భయముగ ముట్టవచ్చును. ఊపిరాడక, నాడి యందకున్నచో వెంటనే ఱొమ్ము నదుముచు, సహాయమునకు పిలిపింపవలెను. ఇదంతయు మేమును చదివినదే. కాని కోడి కూడ మబ్బు పట్టినపుడు పిల్లలను రెక్కలక్రిందికి లాగుకొనును గదా! మా చేతులు పెద్దపిల్లను లాగుకొనుటకే చాచుకొనినవి. పిల్లవాని నెత్తుకొని మావారు ముందు. చంటిదానిని చంకనిడుకొని మేము వెనుక. నడుమ పది బారల కిరుప్రక్కల ఎవ్వరును లేక, ఆ పసిది ఒంటరిగా. “అమ్మా, నీ చేయి” అని తిరిగి చూచినది. “పేర్లు చెప్పుచు నడువుము తల్లీ, నేను వినుచున్నాను” అంటిమి. గాలిలో మాకేమియు వినబడలేదు. దాని జడ వెనుకవైపు కదలుటను మాత్రము చూచుచు నడిచితిమి.

గడపకు చేరకముందే వడగండ్లు మొదలైనవి. రేగుపండ్లంత, కొన్ని ఉసిరికాయలంత. చంటిదాని తలపై కొంగు నాలుగు మడతలుగ కప్పి పరుగిడితిమి. లోపలికి చేరిన రెండు నిమిషములకు మెఱుపు, ఉఱుము ఒక్కమారే వచ్చినవి. చెట్టునకేమియు కాలేదు, మసీదు మీనారులకును కాలేదు, ఎక్కడ పడినదో తెలియలేదు.

పిడుగు తప్పినదనుకొనగా చలి పట్టుకొన్నది. గంటక్రితము కాలినడుగులు, ఇపుడు గడగడ వణకుట. బరువుతో పోల్చినచో పసిపిల్లల చర్మము విస్తారము. అందుచే వారి వేడి పెద్దలకన్న త్వరగ తఱగును. చంటిదాని పెదవులు నీలమగుచుండెను. తడిబట్టలు విప్పి, మా ఱొమ్మునకు హత్తుకొని పాలిచ్చితిమి. మేకలకాపరి చూచి, మోముత్రిప్పుకొని, తన కంబళి చాచెను. “దీంట్లో చుట్టమ్మా, బిడ్డ బెదరదు” అన్నాడు. మేకవాసన గొట్టు కంబళి. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. అంతకన్న మృదువైన పట్టును మేమెన్నడు నెఱుగము. కొంతసేపటికి పెదవులు ఎఱ్ఱబడినవి.

వాన సన్నగిలినను కడపటి ఉఱుము విన్నపిదప అరగంట కదలలేదు. పిల్లవాడు వడగండ్లేఱుకొనుటకు మారాము చేసెను. ఆటో వెలుపలనే యుండెను. కాని ప్రక్కలు తెఱచియున్న బండి పిడుగునుండి కాపాడదు. తలుపులు మూసిన ఇనుపకప్పు కారయినచో వేఱుమాట. 2018 ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశమున 13 గంటలలో 36,749 పిడుగులు లెక్కకు వచ్చినవని మావారు చెప్పిరి. సోదరీమణులారా, పుణెలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారి ‘దామిని’ యను యాప్ చేతిఫోనులో నుంచుకొన్నచో సమీపమున పడుచున్న పిడుగులను చూపును.

కాపరి మేకలను లెక్కించుకొని, కంబళి దులిపి భుజాన వేసికొని పోయెను. లోయగోడలపై ఎన్నడు లేని నీటిధారలు సన్నసన్నగ జాఱుచుండెను. అపుడు ఎడముగ నడువవలసిన పని లేదు. పెద్దపిల్ల మా కొంగుచివర పిడికిట బిగించి, ఆటో దాక ఒక్కమాటయు పలుకక నడిచినది. బండి కదలినపిదప, పదినామములలో ఆఱవది తాను మఱచిపోయితినని మెల్లగ చెప్పినది.

“బీభత్సుడు” అని తమ్ముడు అందించెను.