నమ్మకమునకు మూలము



మా యింటివారు పుంగనూరు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా పుట్టినిల్లు కుప్పము. ఈ వేసవిలో అక్కడినుండి మా యక్కగారి కుమార్తె వచ్చి కొన్నిదినములు మాయింట నుండెను. 1915 లో అనీబిసెంటమ్మగారు కళాశాల నెలకొల్పిన నాటినుండి విద్యకు పేరొందిన మదనపల్లెలో, కంప్యూటర్ల భద్రతను గూర్చి వేసవి తరగతులు జరుగుచుండగా, ప్రతిదినము బస్సులో పోయి వచ్చి, తాను విన్నది సాయంకాలము మాకు జెప్పుచుండెడిది.

మేము శ్రద్ధగా వినుటకు కారణము గలదు. సంక్రాంతికి ముందొకనాడు ఒకడు ఫోనుచేసి, తాను బ్యాంకు ఉద్యోగిననుచు, ‘అమ్మా’ యని మర్యాదగా బిలిచి, మాకు వచ్చిన ఓటీపీ అంకెలను చెప్పించుకొనెను. బిడ్డ చదువునకై దాచిన పదునెనిమిదివేల రూపాయలు క్షణములో పోయినవి. సిగ్గుచే మూడుదినములు ఇంటివారికి జెప్పలేకపోతిమి.

పిల్ల యిట్లు చెప్పెను: “పిన్నీ, కంప్యూటరును మనవలెనే మోసపోవును. అది మేలుకొనునప్పుడు మొదట చిన్న ప్రోగ్రాము లేచి పెద్దదానిని లేపును. మొదటిదే చెడినచో తక్కినవన్నియు చెడును. అందుచే టీపీఎం అను చిన్న చిప్పును లోపల నమర్తురు. ప్రతి ప్రోగ్రామును నడపక పూర్వమే దాని కొలత తీసి అందులో నమోదు చేయుదురు. ఒక్క అక్షరము మారినను కొలత మారును. కొలత సరిపోలినగాని చిప్పు తాను దాచిన తాళపుచెవి నీయదు.” దీని నియమములను 2003 లో ఏర్పడిన ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూపు చూచుచున్నదనియు, 2021 లో వచ్చిన విండోస్ 11 కిది ఆవశ్యకమనియు జెప్పెను.

మాకు మా తాతగారి కళ్లము జ్ఞప్తికి వచ్చెను. రాత్రి ధాన్యపురాశిపై కొయ్యముద్ర వేసెడివారు. ముద్ర దొంగను పట్టదు. రాశి కదలినదని మాత్రము చెప్పును. అయితే ముద్రకొయ్య నమ్మకమైనవాని చేతనుండవలెను. చిప్పు పనియు నట్టిదే.

అశోకవనమున సీతమ్మ చేసినది వేఱా? సన్యాసివేషమును నమ్మి ఇడుములపాలైన యా తల్లి, రామదూతననగానే హనుమంతుని నమ్మలేదు. రావణుడే మరల వచ్చెనేమో యని శంకించెను. రాముని యానవాళ్లడిగి, ఉంగరము చూచి, పిదపనే చూడామణి నిచ్చెను. మేము శంకించుట యమర్యాద యని తలచి, ఉంగరము చూడకయే చూడామణి నిచ్చితిమి.

కావున సోదరీమణులారా, ఎవరడిగినను ఓటీపీ చెప్పకుడు. ఫోను పెట్టివేసి, పాసుపుస్తకముపై నున్న సంఖ్యకు మీరే చేయుడు. సొమ్ము పోయినచో తక్షణమే 1930 కు తెలుపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును. మా మూడుదినముల సిగ్గు దొంగకే తోడ్పడినది.

ఇప్పుడు మాయింట నొక గుర్తుమాట గలదు. మొన్న పిల్ల కుప్పమునుండి ఫోనుచేసి, పుస్తకములకు డబ్బు పంపుమనెను. గొంతు దానిదే. అయినను గుర్తుమాట యడిగితిమి.

“నన్నే పరీక్షింతువా పిన్నీ?” యని నవ్వి, చెప్పెను. అప్పుడు పంపితిమి.